బరువు మందు కొనేముందు మీ మందుల డబ్బా నా ముందు పెట్టండి

పోయిన వేసవిలో ఒకావిడ మా షాపుకొచ్చారు. కోనసీమలో కొత్తపేట అవతల పల్లెటూరు. ఫోనులో హైదరాబాదులో ఉన్న కూతురు పంపిన ఇంజెక్షను ఫొటో చూపించి, "ఇదుందా బాబూ? మా అమ్మాయి తొమ్మిది కేజీలు తగ్గింది" అన్నారు. చీటీ ఉందా అంటే, "ఆయ్, ఉంది" అని బ్యాగులోంచి తీశారు. నిజంగానే ఉంది.

"ఇంకేం మందులు వాడతారు పిన్నిగారూ?"

"ఏవుంటాయి, షుగరుకీ బీపీకీ. మామూలే."

ఆ మామూలేంటో చూస్తే గానీ ఇవ్వనన్నాను. కాస్త కోపమొచ్చింది గానీ మర్నాడు పట్టుకొచ్చారు. ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టె, నిండా మాత్రల షీట్లు. థైరాయిడ్ మాత్ర, గ్లిమిపిరైడ్ కలిసిన మెట్‌ఫార్మిన్, టెనెలిగ్లిప్టిన్, నీరు తీసే మందు కలిసిన టెల్మిసార్టాన్, కొలెస్ట్రాల్ మాత్ర, అడుగున మోకాళ్ల నొప్పికి ఎసిక్లోఫెనాక్. ఇంజెక్షను రాసిన డాక్టరుకి ఈ పెట్టె సంగతి తెలీదు. ఈ మాత్రలు రాసిన డాక్టరుకి ఇంజెక్షను సంగతి తెలీదు. ఇద్దరి మధ్యా పిన్నిగారు, పిన్నిగారి కడుపు.

బరువు మందుల గురించి ఎవరడిగినా మొదటి ప్రశ్న ఒకటే: "ఏది ఎక్కువ తగ్గిస్తుంది?" కౌంటరు వెనక నిలబడి ఇన్నేళ్లుగా చూస్తున్నవాడిగా, ఆ ప్రశ్న రెండోది కావాలంటాను. మీరు ఇప్పటికే మింగుతున్నవాటితో ఏది సర్దుకుంటుందన్నది ముందు తేలాలి.

బజార్లో ఉన్నవి ఇవి

అన్నిటికన్నా పాతది ఆర్లిస్టాట్ గొట్టం మాత్ర. రక్తంలోకి దాదాపు వెళ్లదు, పేగులోనే పని చేస్తుంది. మనం తిన్న కొవ్వులో సుమారు 30 శాతాన్ని ఒంటికి పట్టనివ్వకుండా బయటికి పంపేస్తుంది. 120 మిల్లీగ్రాముల మాత్ర, కొవ్వున్న భోజనంతో రోజుకి మూడుసార్లు. బయటికి పంపేస్తుందంటే ఎలాగో వివరించక్కర్లేదనుకుంటాను. పెళ్లి భోజనంలో నెయ్యి పోసుకున్న బూరెలు నాలుగు తిని ఈ మాత్ర వేసుకున్నాయన మర్నాడు మా షాపుకి వచ్చి మరీ తిట్టాడు. తగ్గించేదీ కొద్దిగానే. ఒట్టి పథ్యంతో తగ్గేదానికి ఏడాదిలో ఇంకో 3 కేజీలు కలుస్తాయి, అంతే.

రెండోది సెమాగ్లూటైడ్. మాత్రగా షుగరు జబ్బుకి 2022లో మన దేశానికి వచ్చింది. వారానికోసారి వేసుకునే ఇంజెక్షనుగా, బరువు కోసమే, వెగోవీ పేరుతో 2025 జూన్‌లో వచ్చింది. దానికి మూడు నెలల ముందే, మార్చిలో, టిర్జెపటైడ్ ఇంజెక్షను మౌంజారో పేరుతో దిగింది. ఈ రెండు ఇంజెక్షన్లూ ఆకలిని చంపుతాయి, కడుపులోంచి తిండి కిందకి జారే వేగాన్ని తగ్గిస్తాయి. అధ్యయనాల్లో సెమాగ్లూటైడ్ 2.4 మిల్లీగ్రాముల మోతాదుతో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా, టిర్జెపటైడ్ పై మోతాదుతో 72 వారాల్లో 21 శాతం దాకా తగ్గారు. అవి షుగరు లేనివాళ్ల లెక్కలు. షుగరున్నవాళ్లు అంత తగ్గరు. కూతురు తగ్గినన్ని కేజీలు తల్లి తగ్గకపోతే మందు నకిలీదని అనుమానపడకండి.

ధరలు రాయను, మారిపోతున్నాయి.

థైరాయిడ్ మాత్ర ఉంటే

పొద్దున్నే పరగడుపున వేసుకునే ఈ చిన్న మాత్ర చాలామంది దృష్టిలో మందే కాదు. "వేరే మందులేం లేవండి" అంటారు, థైరాయిడ్ షీటు జేబులోనే ఉంటుంది.

ఆర్లిస్టాట్ దీన్ని ఒంటికి పట్టనివ్వకపోవచ్చు. అందుకే రెండిటికీ కనీసం 4 గంటల ఎడం కావాలి. లెక్క వేసి చూడండి. ఆరింటికి థైరాయిడ్ మాత్ర, ఎనిమిదింటికి టిఫిను, టిఫినుతో ఆర్లిస్టాట్ అంటే ఎడం రెండు గంటలే. నేను చెప్పే ఉపాయం సులువే. కొవ్వు లేని తిండితో ఆర్లిస్టాట్ వేసుకోనక్కర్లేదు కదా, పొద్దున్న ఇడ్లీ తిని ఆ పూట మాత్ర మానేసి, మధ్యాహ్నం, రాత్రి భోజనాలకే ఉంచుకోవచ్చేమో డాక్టరుని అడగండి. నూనె కారే పెసరట్టు ఉప్మా రోజూ ఉండాల్సిందే అనేవాళ్లకి ఈ మందు మొదటినుంచీ పొసగదు.

సెమాగ్లూటైడ్ మాత్రతో చిక్కు వేరు. అదీ పరగడుపునే కావాలంటుంది. సగం గ్లాసుకి మించకుండా, అంటే 120 మిల్లీలీటర్ల లోపు మంచినీళ్లతో మింగి, అరగంట దాకా కాఫీ వద్దు, ఇంకో మాత్రా వద్దు. పైగా రెండూ కలిపి వేసుకున్నప్పుడు థైరాయిడ్ మాత్రలోని మందు, థైరాక్సిన్, రక్తంలో 33 శాతం ఎక్కువగా కనిపించింది. ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. కాబట్టి ముందు సెమాగ్లూటైడ్, అరగంట ఆగి థైరాయిడ్ మాత్ర, ఇంకో అరగంటైనా ఆగి కాఫీ. కళ్లు తెరవగానే గ్లాసుడు కాఫీ పడకపోతే లేవలేని మా కోనసీమ జనం ఈ గంట ఎన్నాళ్లు ఓపిక పడతారో నాకు అనుమానమే. ఇంజెక్షనుకి ఈ పరగడుపు తగువు లేదు. థైరాయిడ్ ఉన్నవాళ్లకి మాత్ర కన్నా ఇంజెక్షనే నయమని నేననేది అందుకే.

ఏ దారిలో తగ్గినా, బరువు బాగా దిగితే థైరాయిడ్ మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. మొదలెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఒకసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం ఈ ఇంజెక్షన్ల ఊసే వద్దు.

షుగరు మందులు: అసలు ప్రమాదం ఇక్కడ

భీమవరం వైపు మా బంధువొకాయన రొయ్యల చెరువులు చేస్తాడు. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది కాబట్టి ఏరేటర్లు చూసుకోవడానికి రాత్రి రెండింటికీ మూడింటికీ గట్టు మీదే ఉంటాడు. పదేళ్లుగా గ్లిమిపిరైడ్ వాడుతున్నాడు. బరువుకని ఇంజెక్షను మొదలెట్టి నెలైంది. ఆకలి చచ్చిపోయింది, రాత్రి రెండు ముద్దలు తిని చేయి కడిగేవాడు. గ్లిమిపిరైడ్ మాత్రం యథాప్రకారం. ఒకరాత్రి మూడింటికి మోటారు స్విచ్చు దగ్గర చెమటలు పట్టి కూలబడ్డాడు. కాపలా కుర్రాడు తాగొచ్చాడేమో అనుకున్నాడట. అదృష్టం కొద్దీ గుడిసెలో టీ కోసం పంచదార ఉంది.

గ్లిమిపిరైడ్, గ్లిక్లాజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తాయి. వేసుకునే ఇన్సులిన్ సంగతీ అంతే. వీటి పక్కన తిండి తగ్గించే ఇంజెక్షను చేరితే షుగరు 70 కిందకి పడిపోవచ్చు. అందుకని ఇంజెక్షను మొదలెట్టే రోజునే వీటి మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరు చెప్పి తీరాలి. చెప్పకపోతే మీరే అడగండి. మీ అంతట మీరు ఇన్సులిన్ మానేయడం మాత్రం ఇంకో ప్రమాదం. బీపీకో గుండెకో మెటోప్రొలాల్ రకం మాత్ర వాడుతుంటే షుగరు పడిపోయేటప్పుడు దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటాగి మళ్లీ పరీక్ష చేసుకోవాలి.

మిగతా షుగరు మాత్రల్ని పేరు చివర చూసి పోల్చుకోవచ్చు. చివర "గ్లిప్టిన్" ఉంటే, అంటే సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటివి, ఈ ఇంజెక్షన్లతో కలిపి వాడటం దండగ. రెండూ నడిచేది ఒకే దారిలో. ప్రమాదం పెద్దగా లేదు గానీ డబ్బు మాత్రం రెండు చోట్ల పోతుంది. చివర "గ్లిఫ్లోజిన్" ఉంటే, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి, కలిపి వాడొచ్చు. కాకపోతే వాంతులై తిండి సహించని రోజుల్లో ఇది ఒంట్లో ఆమ్లాలు పెరిగేలా చేస్తుంది. అప్పుడు షుగరు మీటరులో అంకె మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది. అలాంటి రోజుల్లో ఆ మాత్ర ఆపాలా అని ముందే అడిగి పెట్టుకోండి. మెట్‌ఫార్మిన్‌తో గొడవ లేదు, కడుపు తిప్పడం, విరేచనాలు మాత్రం రెండూ కలిసి రెట్టింపవ్వొచ్చు.

చాలా ఏళ్లుగా షుగరుండి కంటి తెర పాడైనవాళ్లు సెమాగ్లూటైడ్‌కి ముందు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగరు ఒక్కసారిగా దిగితే ఆ కళ్లు ఇంకా దెబ్బతినొచ్చు.

ఆర్లిస్టాట్‌తో ఇంత హడావిడి లేదు. బరువు తగ్గే కొద్దీ షుగరు మందులు తగ్గించుకోవాల్సి రావచ్చు, అంతవరకే.

బీపీ, కిడ్నీ, మోకాళ్ల నొప్పి

ఇంజెక్షను మోతాదు మెట్లుమెట్లుగా పెంచుతారు. సెమాగ్లూటైడ్ 0.25 మిల్లీగ్రాముల నుంచి, టిర్జెపటైడ్ 2.5 మిల్లీగ్రాముల నుంచి మొదలు, ఒక్కో మెట్టూ కనీసం నాలుగు వారాలు. మెట్టు ఎక్కిన వారంలోనే వాంతులు, విరేచనాలు ఎక్కువ. ఇప్పుడు ఆ పూతరేకుల పెట్టె గుర్తుతెచ్చుకోండి: టెల్మిసార్టాన్, నీరు తీసే మందు, ఎసిక్లోఫెనాక్. ఒంట్లో నీళ్లు ఆవిరైపోతున్న రోజున ఈ మూడూ కలిస్తే కిడ్నీకి నెత్తుటి సరఫరా పడిపోతుంది. మే నెలలో రావులపాలెం ఎండలో అయితే చెప్పనే అక్కర్లేదు. నొప్పి మాత్ర ముందు మానాలి, మోకాలికి పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవాలి. బీపీ, నీరు తీసే మందుల్ని వాంతుల రోజున ఏం చేయాలో డాక్టరు దగ్గర ముందే తెలుసుకోవాలి.

ఇక్కడో మాట. మన ప్రాంతంలో నీరసమొస్తే ఎవరైనా చేసే మొదటి పని బొండం కొట్టడం. మామూలు మనిషికి దివ్యం. కిడ్నీ కాస్త నెమ్మదించినవాళ్లు టెల్మిసార్టాన్, స్పైరొనొలాక్టోన్ లాంటివి వాడుతుంటే మాత్రం కొబ్బరినీళ్లలోని పొటాషియం ఒంట్లో పేరుకుంటుంది. వాంతులకి ఓఆర్‌ఎస్ మేలు, అందులో ఉప్పు లెక్కగా ఉంటుంది.

బరువు దిగే కొద్దీ బీపీ కూడా దిగుతుంది. మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతుంటే మాత్ర మోతాదు చూపించుకునే సమయం వచ్చినట్టే.

ఆర్లిస్టాట్ కిడ్నీని ఇంకో వైపునుంచి ఇబ్బంది పెడుతుంది: ఆక్సలేట్ రాళ్లు. ఇదివరకే రాళ్లున్నవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు దానికి దూరం.

రక్తం పలచబరిచే మందులు

గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు ఎసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ వాడుతుంటారు. వీళ్లకి ఆర్లిస్టాట్ నేను ఇవ్వను, చీటీ ఉన్నా ముందు డాక్టరుకి ఫోన్ చేస్తాను. కొవ్వుతో పాటు విటమిన్ కె కూడా పట్టనివ్వదు కాబట్టి రక్తం మరీ పలచబడుతుంది. ఇంజెక్షన్లతో అంత సూటి గొడవ లేదు. అయితే తిండి మారుతుంది. రోజూ తోటకూరో గోంగూరో తినే మనిషి రెండు ముద్దలకి దిగితే ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంత పలచబడిందో చెప్పే అంకె, కదులుతుంది. మొదటి నెలల్లో పరీక్ష తరచుగా చేయించుకోవాల్సిందే.

కొత్త మందుల్లో రివరొక్సబాన్ సంగతి చాలామందికి తెలీదు. 15, 20 మిల్లీగ్రాముల మాత్ర తిండితో వేసుకుంటేనే సరిగా ఒంటపడుతుంది. ఇంజెక్షను వేసుకుని "ఆకలి లేదు, ఈ రాత్రికి మజ్జిగ చాలు" అనుకున్నవాళ్లు ఆ మాత్రని ఏ పూట కాస్త తింటున్నారో ఆ పూటకి మార్పించుకోవాలి.

మూర్ఛ మాత్రలు, గర్భం రాకుండా వేసుకునే మాత్రలు

ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ లాంటివి వాడేవాళ్లలో ఆర్లిస్టాట్ మొదలెట్టాక మళ్లీ ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. కాబట్టి వాళ్లకి ఆర్లిస్టాట్ నా లెక్కలో లేదు.

గర్భనిరోధక మాత్రల విషయంలో రెండు ఇంజెక్షన్లకీ తేడా ఉంది. ఎంపికని తేల్చేసేంత తేడా. టిర్జెపటైడ్ ఆ మాత్రల్ని రక్తంలోకి సరిగా చేరనివ్వదు. మొదలెట్టిన నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మళ్లీ నాలుగు వారాలు, కండోమ్ లాంటి ఇంకో జాగ్రత్త తప్పనిసరి. లేదంటే కాపర్-టీ లాంటిదానికి మారాలి. సెమాగ్లూటైడ్ ఇంజెక్షనుకి ఈ షరతు లేదు. ఆర్లిస్టాట్ వాడుతూ విరేచనాలు బాగా అవుతుంటే అప్పుడూ మాత్ర మీద భరోసా పెట్టుకోకూడదు. ఇంకోటి: పీసీఓడీ ఉన్న అమ్మాయిలు బరువు తగ్గితే అండం విడుదల దారిలో పడుతుంది. "మాకెలాగూ రాదులే" అనుకున్నవాళ్లకే వచ్చేస్తుంది. పిల్లలు కావాలనుకుంటే సెమాగ్లూటైడ్ రెండు నెలల ముందు, టిర్జెపటైడ్ నెల ముందు ఆపాలి. ఆపిన రోజునే ఒంట్లోంచి పోయే మందులు కావివి. సెమాగ్లూటైడ్ పూర్తిగా పోవడానికి అయిదు నుంచి ఏడు వారాలు పడుతుంది.

అందుకే ఆపరేషను ఏదైనా ఉంటే మత్తు డాక్టరుకి ఇంజెక్షను సంగతి చెప్పాలి. రాత్రంతా ఏమీ తినకపోయినా కడుపులో నిన్నటి భోజనం మిగిలి ఉండొచ్చు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది.

అమెరికా సూట్‌కేసులో వచ్చేవి

గోదావరి జిల్లాల్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారేమో అనిపిస్తుంది. సంక్రాంతికి కోడిపందేలకొచ్చేవాళ్ల సూట్‌కేసులో చాక్లెట్లతో పాటు మందులూ దిగుతాయి. అక్కడ డాక్టరు వాళ్లకి రాసిన ఫెంటెర్మిన్, నాల్‌ట్రెక్సోన్‌తో కలిసిన బ్యుప్రొపియాన్ ఇక్కడ పిన్నికో మేనత్తకో చేరతాయి. ఫెంటెర్మిన్ గుండె జబ్బున్నవాళ్లకి పనికిరాదు. రెండోది ట్రామడాల్ వేసుకునేవాళ్లకి, ఫిట్స్ ఉన్నవాళ్లకి, అదుపులో లేని బీపీకి నిషిద్ధం. మెటోప్రొలాల్ ప్రభావాన్నీ పెంచేస్తుంది. మన దగ్గర నడుం నొప్పి చీటీల్లో ట్రామడాల్ ఎంత మామూలో తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఊరూపేరూ లేని "హెర్బల్" పొడులు మరీ దారుణం. సిబుట్రమిన్ అనే బరువు మందుని గుండె ముప్పు వల్ల మన దేశంలో 2011లో నిషేధించారు. అలాంటి పొడుల్లో దాన్ని చాటుగా కలిపి అమ్మడం ఎన్నో దేశాల్లో బయటపడింది. డబ్బా మీద రాయని మందు దేనితో కలిసి ఏం చేస్తుందో ఏ డాక్టరు చెప్పగలడు?

నన్నడిగితే

థైరాయిడ్ ఒక్కటే ఉండి, ఇరవై ముప్పై ఏళ్ల వయసుండి, మాత్రలతో గర్భం ఆపుకుంటున్నవాళ్లయితే సెమాగ్లూటైడ్ ఇంజెక్షను గురించి ముందు అడగండి. షుగరుండి బరువు బాగా ఎక్కువున్నవాళ్లకి టిర్జెపటైడ్ బలంగా పని చేస్తుంది, కానీ గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ లెక్క తేలాకే. క్లోమం (ప్యాంక్రియాస్) వాచిన చరిత్ర ఉన్నవాళ్లకి రెండు ఇంజెక్షన్లూ వద్దు. తగ్గాల్సింది కొద్దిగానే ఉన్నవాళ్లకీ, సూది భయమున్నవాళ్లకీ ఆర్లిస్టాట్ సరిపోవచ్చు. ఎసిట్రోమ్, మూర్ఛ మాత్ర, కిడ్నీ రాయి, ఈ మూడిట్లో ఏదీ ఉండకూడదు. రాత్రి పడుకునేముందు ఒక విటమిన్ మాత్ర కూడా చేర్చుకోవాలి. సైక్లోస్పోరిన్ మీదున్న కిడ్నీ మార్పిడివాళ్లు ఆర్లిస్టాట్ ముట్టుకోవద్దు, సైక్లోస్పోరిన్ రక్తంలో తగ్గిపోతే పెట్టిన కిడ్నీకే ముప్పు.

బరువు పెంచే మందే డబ్బాలో కూర్చుందేమో కూడా చూపించుకోండి. స్టెరాయిడ్లు, పయోగ్లిటజోన్, వాల్‌ప్రోయేట్, ఒలాంజపిన్ అన్నీ ఆ బాపతే. ఒక్కోసారి కొత్త మందు చేర్చే బదులు పాతది మార్చితేనే పని జరుగుతుంది. అది డాక్టరు మార్చాలి, మీరు ఆపకూడదు.

ఇంజెక్షను ఎంచుకున్నవాళ్లు ఫ్రిజ్ సంగతి మర్చిపోకండి. 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, గడ్డకట్టకూడదు. టిర్జెపటైడ్ బయట ఉంటే 30 డిగ్రీల లోపు 21 రోజులే. వేసవిలో కరెంటు పోయిన మధ్యాహ్నం మన ఇళ్లలో 30 డిగ్రీలెక్కడివి?

ఇంతకీ పిన్నిగారు. షుగరు డాక్టరుకి మా షాపునుంచే ఫోను కలిపాం. గ్లిమిపిరైడ్ సగానికి సగం తగ్గించారు, టెనెలిగ్లిప్టిన్ తీసేశారు, ఎసిక్లోఫెనాక్ వద్దన్నారు, కళ్లు చూపించుకున్నాకే ఇంజెక్షనన్నారు. మూడు వారాల తరవాత కళ్ల రిపోర్టు పట్టుకుని వచ్చారు. పూతరేకుల పెట్టె మూత మీద మనవడి చేత కాగితం అంటించారు: ఏ మాత్ర ఎన్నింటికి, ఏది ఎవరు రాశారు, ఇంజెక్షను ఆదివారం. కింద ఎర్ర పెన్నుతో, "వాంతులైతే ముందు ఫోను".

"ఇప్పుడైనా ఇస్తావా?" అన్నారు.

ఐస్ సంచీ తెచ్చారా అని అడిగాను.